“అమ్మమ్మ పడింది... అమ్మకి చెప్పొద్దంది”



గత నెలలో నాలుగో తరగతి పిల్లలకు ‘మా ఇంట్లో పెద్దవాళ్ళు’ అని ఒక టాపిక్ ఇచ్చి, ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాయమన్నాను. తాతయ్య కొనిపెట్టే ఐస్‌క్రీమ్, నానమ్మ చేసే సున్నుండలు, అమ్మమ్మ చూసే సీరియల్... అందరూ సరదాగా రాశారు. ఒక పాప నోట్‌బుక్‌లో మాత్రం ఏడో వాక్యం దగ్గర ఆగిపోయాను. “అమ్మమ్మ బాత్‌రూమ్‌లో పడింది. అమ్మకి చెప్పొద్దంది. నేను చెప్పలేదు” అని ఉంది.

ఆ సాయంత్రం పాప వాళ్ళ అమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడకు నిజంగానే తెలియదు. “రెండు వారాలుగా కొంచెం కుంటుతోంది మేడమ్. అడిగితే మోకాలి నొప్పి అంది” అన్నారు. మర్నాడే డాక్టర్‌కి చూపించారు. అదృష్టం బాగుండి ఎముకకు ఏమీ కాలేదు. ఆవిడ అనుమతి తీసుకునే, పేర్లు లేకుండా ఈ విషయం రాస్తున్నాను.

పిల్లల చదువుల గురించి రాసే చోట పెద్దవాళ్ళ సంగతి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ఒక్కసారి ఉదయం ఏడున్నరకు మన స్కూల్ బస్ ఆగే చోటు గుర్తు తెచ్చుకోండి. పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడేవాళ్ళలో సగం మంది తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలే. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో సాయంత్రం తలుపు తీసేది, పాలు కలిపి ఇచ్చేది, డైరీ చూసేది వాళ్ళే. వాళ్ళు పడి మంచం పడితే ఇల్లు ఇల్లంతా తలకిందులవుతుంది. ఆ దిగులు పిల్లల నోట్‌బుక్కుల్లో మాకు కనిపిస్తుంది.

‘వయసైపోయింది కదా’ అని వదిలేయకండి

పెద్దవాళ్ళు పడిపోవడం సహజమేనని మనం అనుకుంటాం. అది చాలా వరకు ఆపగలిగిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కింద పడిన గాయాలతో చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు తగిలే గాయాల వల్ల వచ్చే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఇలా చనిపోయేవారిలో 60 ఏళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. 65 ఏళ్ళు దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది కనీసం ఒక్కసారైనా పడుతున్నారని అదే సంస్థ 2007లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకసారి పడినవాళ్ళు మళ్ళీ పడే అవకాశం రెట్టింపు అవుతుంది. అందుకే మొదటిసారి పడడాన్ని దెబ్బ తగలలేదు కదా అని తీసిపారేయకూడదు. అది ఒక హెచ్చరిక. ఆ హెచ్చరిక మన దాకా రాకుండా వాళ్ళే దాచేస్తున్నారు.

ఎందుకు దాస్తారు? మనం కోప్పడతామని. “ఎవరు వెళ్ళమన్నారు? చెప్తే వినవు కదా!” అంటామని. ఆస్పత్రి ఖర్చు పిల్లల మీద పడుతుందని. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక తమను ఏ పనీ చేయనివ్వరని. వాళ్ళ ఈ ఆఖరి భయం నిజమేనని నేను మా ఇంట్లోనే తెలుసుకున్నాను.

మా ఇంట్లో నేను చేసిన తప్పు

మా నానమ్మకు ఇప్పుడు 76 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం వరండా కడిగిన తడి మీద కాలు జారింది. మణికట్టు బెణికింది, అంతే. అప్పటిదాకా తను పొద్దున్నే పూలు కోసేది, పాల ప్యాకెట్ తెచ్చేది, సాయంత్రం గుడిదాకా నడిచి వెళ్ళొచ్చేది. “నానమ్మా, ఇక నువ్వు ఏ పనీ ముట్టుకోకు. కూర్చో చాలు” అన్నది నేనే. అన్నీ మాన్పించాం. మంచినీళ్ళు కూడా చేతికే ఇచ్చాం. అపురూపంగా చూసుకుంటున్నాం అనుకున్నాం.

నాలుగు నెలలు గడిచేసరికి కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చింది. ఒక రాత్రి బాత్‌రూమ్‌కి లేచి, నిద్రపోతున్న మమ్మల్ని లేపడం ఇష్టం లేక ఒక్కతే వెళ్ళబోయి మంచం పక్కనే పడిపోయింది. ఈసారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ఆపరేషన్ తర్వాత వచ్చిన ఫిజియోథెరపిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న, “పడకముందు ఈవిడ రోజంతా ఏం చేసేవారు?” అని. “మేం ఏమీ చేయనిచ్చేవాళ్ళం కాదండీ” అన్నాను, కొంచెం గొప్పగానే. ఆవిడ నానమ్మ పిక్క మీద చెయ్యి వేసి, “అందుకే ఇక్కడ బలం లేదు” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

తర్వాత తెలిసింది, ఇది చాలా ఇళ్ళలో జరిగేదేనని. పడతామని భయపడి పెద్దవాళ్ళు నడక తగ్గిస్తారు. మనం ఇంకా తగ్గిస్తాం. నడక తగ్గితే తొడల్లో, పిక్కల్లో కండ కరుగుతుంది. నిలదొక్కుకునే శక్తి పోతుంది. దాంతో మళ్ళీ పడతారు. కాబట్టి నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్దవాళ్ళను పడకుండా కాపాడాలంటే వాళ్ళను కూర్చోబెట్టకండి. ఇంటిని సరిచేసి, వాళ్ళను నడవనివ్వండి.

అసలు ఎందుకు పడతారు?

సాధారణంగా ఒకే కారణం ఉండదు. రెండు మూడు కలుస్తాయి.

కాళ్ళ బలం తగ్గడం మొదటిది. చూపు రెండోది. శుక్లాలు ఉంటే మెట్టు అంచు, నేల మీద తడి కనిపించవు. దూరానికీ దగ్గరకీ కలిపి ఉండే కళ్ళద్దాలతో మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తారు. అది చదువుకోవడానికి ఇచ్చిన భాగం కాబట్టి మెట్టు మసకగా కనిపిస్తుంది. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. చెప్పు జారిపోయినా, కింద ఏదైనా తగిలినా వెంటనే తెలియదు.

ఇంకొకటి, పడుకుని లేచినప్పుడు బీపీ ఒక్కసారిగా తగ్గిపోవడం. లేచి నిలబడ్డాక పై అంకె 20 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే డాక్టర్లు దాన్ని సమస్యగా తీసుకుంటారు. వాళ్ళకు కళ్ళు తిరుగుతాయి, తూలుతారు. మన పాప వాళ్ళ అమ్మమ్మగారికి జరిగింది ఇదే. డాక్టర్ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి, మాత్ర వేసుకునే వేళ మార్చారు.

ఇక మందులు. నిద్రమాత్రలు, మత్తు కలిగించే జలుబు, ఎలర్జీ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మాత్రలు తూలేలా చేయవచ్చు. అలాగని ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి. డాక్టర్‌ని అడిగి మార్పించండి.

వీటన్నిటికీ ఇల్లు తోడవుతుంది. అది పూర్తిగా మన చేతిలో ఉన్నది.

ఇల్లంతా ఒకసారి చుట్టి రండి

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. పెద్దవాళ్ళు రోజూ నడిచే దారిలోనే మీరూ నడవండి.

బాత్‌రూమ్: స్నానం చేసే చోట, కమోడ్ పక్కన గోడకు స్క్రూలతో బిగించిన గట్టి హ్యాండిల్ పెట్టించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు, ఊడి వస్తుంది. కింద జారని రబ్బర్ మ్యాట్ వేయండి. కూర్చుని స్నానం చేయడానికి కాళ్ళకు రబ్బర్ బుష్‌లు ఉన్న గట్టి స్టూల్ పెట్టండి. బకెట్, మగ్గు వంగకుండా అందేలా పెట్టండి. తలంటు రోజున నూనె కింద పడుతుంది కాబట్టి స్నానం అయ్యాక నేలను సబ్బుతో కడిగించండి. లోపలి గడియ బయటినుంచి కూడా తీయగలిగేలా ఉంటే మంచిది. లేదా గడియ పెట్టుకోవద్దని, తలుపు దగ్గరగా వేసుకుంటే చాలని చెప్పండి. ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే కూర్చుని లేవడానికి పట్టు దొరికేలా ఎదురుగా లేదా పక్కన హ్యాండిల్ తప్పనిసరి.

పడకగది: మంచం మీద కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. మరీ ఎత్తు మంచం, మరీ కుంగిపోయే పరుపు రెండూ ఇబ్బందే. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేలా తలగడ పక్కన టార్చ్ ఉంచండి. చేతికర్ర, కళ్ళద్దాలు, మంచినీళ్ళు, ఫోన్ చెయ్యి చాచితే అందాలి.

హాల్: నడిచే దారిలో ఛార్జర్ వైర్లు, ముడుచుకునే డోర్ మ్యాట్లు, చిన్న స్టూళ్ళు తీసేయండి. నేల తుడిచాక ఆరేదాకా ఫ్యాన్ వేసి, “తడిగా ఉంది” అని ఇంట్లో అందరికీ వినిపించేలా చెప్పండి. గదికీ గదికీ మధ్య చిన్న ఎత్తు తేడా ఉంటే, ఆ గడప అంచుకు మెరిసే రంగు టేప్ అంటించండి.

వంటగది: రోజూ వాడే డబ్బాలు నడుము నుంచి భుజం ఎత్తు మధ్యలో సర్దండి. అటక మీది వస్తువు కోసం కుర్చీ ఎక్కే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది. ఎక్కొద్దని చెప్పి ఊరుకోవడం కంటే ఆ వస్తువును కిందికి దించి పెట్టడం మేలు.

వరండా, మెట్లు: వానాకాలం పాచి పట్టిన చోట బ్లీచింగ్ వేసి రుద్దించండి. గ్రానైట్ మెట్లు తడిస్తే బాగా జారుతాయి. మెట్ల అంచులకు జారని టేప్ వేయండి. రెండు వైపులా రెయిలింగ్ ఉంటే మంచిది. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ తరచుగా ఆగిపోతుంటే, మెట్ల దగ్గర లైట్ల సంగతి అసోసియేషన్ మీటింగ్‌లో అడగండి.

బట్టలు, చెప్పులు: అరిగిపోయిన హవాయి చెప్పులు చాలా ప్రమాదం. మడమ వెనక పట్టీ ఉండి, కింద గీతలున్న చెప్పులు కొనండి. నున్నటి టైల్స్ మీద సాక్సుతో నడవనివ్వకండి. కాళ్ళకు అడ్డం పడే నైటీని, పంచెను రెండంగుళాలు పొట్టి చేయిస్తే సరిపోతుంది. చేతికర్ర వాడుతుంటే, చెయ్యి కిందికి వదిలినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావాలి. ఒక కాలు నొప్పిగా ఉంటే కర్రను రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. కింది రబ్బర్ బుష్ అరిగితే మార్చండి.

ఉదయం హడావుడి – మన స్కూల్ సంగతి

ఇది మీకూ మాకూ కలిపి చెప్పుకోవలసిన మాట. బస్ హారన్ వినగానే తాతయ్యలు ఒక చేత్తో మనవడిని, ఇంకో చేత్తో బ్యాగ్‌ని పట్టుకుని మెట్లు దిగడం నేను చూస్తుంటాను. రెండు చేతులూ నిండిపోతే రెయిలింగ్ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. పక్కకు వేలాడే బ్యాగ్ బరువు మనిషిని ఒక వైపు లాగుతుంది.

బ్యాగ్ పిల్లల భుజాల మీదే ఉండనివ్వండి. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగ్ బరువు పిల్లల బరువులో పది శాతం దాటకూడదు. టైమ్‌టేబుల్ ప్రకారం సర్దితే పిల్లలే మోయగలరు. బరువు ఎక్కువవుతోందంటే డైరీలో మాకు రాయండి. పది నిమిషాలు ముందు బయలుదేరండి. బస్ దొరకదేమోనని పెద్దవాళ్ళను పరుగెత్తనివ్వకండి. ఒకరోజు ఆలస్యంగా వస్తే ఒక పీరియడ్ పోతుంది, దాన్ని మేం చెప్పుకుంటాం.

సాయంత్రం ఇంటికి రాగానే పిల్లలు బూట్లు గుమ్మంలో, బ్యాగ్ హాల్ మధ్యలో, వాటర్ బాటిల్ సోఫా కింద వదిలేస్తారు. తలుపు తీసిన నానమ్మ వెనక్కి తిరిగి వేసే మొదటి అడుగు వాటి మీదే. వాటిని సర్దడం హోమ్‌వర్క్‌కంటే ముందు జరగాల్సిన పని.

కాళ్ళకు బలం ఎలా?

ఇంటిని సరిచేయడం సగం పని. మిగతా సగం వ్యాయామం. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2019లో 108 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 23 వేలమందికి పైగా పెద్దవాళ్ళను లెక్కలోకి తీసుకుంది. వ్యాయామం చేసినవారిలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయని తేల్చింది. ముఖ్యంగా పనిచేసినవి నిలదొక్కుకునే సాధన, లేవడం, అడుగులు వేయడం లాంటి రోజువారీ కదలికల వ్యాయామాలు. పార్కులో వాకింగ్ గుండెకు, మనసుకు చాలా మంచిది. పడకుండా ఉండడానికి మాత్రం అదొక్కటే చాలదు.

ఇంట్లో చేయదగినవి ఇవి. పక్కన ఒకరు నిలబడాలి. వంటగది గట్టు లేదా గోడకు ఆనించిన బరువైన కుర్చీ దగ్గర ఉండాలి.

• చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా మళ్ళీ కూర్చోవడం. మొదట ఐదుసార్లు, తర్వాత పది. చేతులు వాడకుండా రాకపోతే చేతులు ఆనించే మొదలుపెట్టండి.

• గట్టు పట్టుకుని మడమలు ఎత్తి వేళ్ళ మీద నిలబడడం, తర్వాత వేళ్ళు ఎత్తి మడమల మీద నిలబడడం. పది పది సార్లు.

• గట్టు పట్టుకుని పక్కకు అడుగులు వేయడం. అటు పది, ఇటు పది.

• ఒక పాదం మడమ ఇంకో పాదం బొటనవేలికి తగిలేలా ముందూ వెనకా పెట్టి పది సెకన్లు నిలబడడం.

వారానికి కనీసం మూడు రోజులు చేయాలి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం వస్తే ఆపేయాలి. గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్, తీవ్రమైన కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్‌ని లేదా ఫిజియోథెరపిస్ట్‌ని అడిగే మొదలుపెట్టాలి.

దీంతోపాటు ఇంటి పనిని వాళ్ళ దగ్గరనుంచి లాక్కోకండి. పూలు కోయడం, ఎండిన బట్టలు మడతపెట్టడం, మనవరాలితో కింది దాకా వెళ్ళి రావడం ఇవన్నీ వ్యాయామమే.

ఇంట్లోనే చేయగల మూడు పరీక్షలు

పిల్లల చేతికి స్టాప్‌వాచ్ ఇవ్వండి, సంతోషంగా చేస్తారు. పెద్దవాళ్ళు పక్కనే నిలబడండి.

మొదటిది, కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే అవకాశం ఉన్నట్టు.

రెండోది, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 12 కంటే తక్కువ, ఆడవాళ్ళు 10 కంటే తక్కువ చేస్తే కాళ్ళ బలం తగ్గినట్టు.

మూడోది, పైన చెప్పినట్టు పాదాలు ముందూ వెనకా పెట్టి పది సెకన్లు పట్టు లేకుండా నిలబడలేకపోతే, నిలదొక్కుకునే శక్తి తగ్గినట్టు.

ఇవి భయపెట్టడానికి కాదు, డాక్టర్ దగ్గరకు వెళ్ళినప్పుడు చెప్పడానికి. అలా వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, మెడికల్ షాపులో కొన్నవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడమని అడగండి. ఏడాదికి ఒకసారి కంటి పరీక్ష చేయించండి. నిలబడిన ఎత్తునుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో పరీక్ష చేయమని అడగండి. కార్తీకమాసం ఉపవాసాలప్పుడు షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఎలా వేసుకోవాలో ముందే కనుక్కోండి. ఖాళీ కడుపుతో షుగర్ మాత్ర వేసుకుని, చీకటితో తలస్నానం చేయడం ప్రమాదమని మన పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పరు.

అయినా పడితే?

కంగారుగా చేతులు పట్టుకుని లాగి లేపకండి. పడుకున్నచోటే ఉంచి మాట్లాడండి. ఎక్కడ నొప్పి, తల తగిలిందా అని అడగండి. తుంటి దగ్గర తీవ్రమైన నొప్పి, కాలు పొట్టిగా కనిపించడం, పాదం బయటికి తిరిగి ఉండడం, ఆ కాలి మీద బరువు వేయలేకపోవడం ఎముక విరిగిన లక్షణాలు. అప్పుడు కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. నూనె మర్దన, నాటు కట్టు అంటూ రోజులు గడపకండి. తుంటి విరిగినప్పుడు ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మంచిది.

తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్ళయితే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

దెబ్బ లేదని తెలిస్తే తమంతట తాము లేచే పద్ధతి చెప్పండి. ముందు పక్కకు తిరగాలి. మోచేతి మీద, తర్వాత చేతులు మోకాళ్ళ మీద లేవాలి. గట్టి కుర్చీ దాకా పాకి, దాని మీద చేతులు ఆనించి, బలమైన కాలు ముందు పెట్టి లేచి కూర్చోవాలి. ఎవరూ లేనప్పుడు పడితే గంటలతరబడి నేలమీదే ఉండిపోవడం ఇంకా ప్రమాదం. అందుకే పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ మెడలో లేదా జేబులో ఫోన్ ఉండాలి. మీ నంబర్ ఒక్క బటన్‌తో వెళ్ళేలా పెట్టండి. పక్కింటివాళ్ళ దగ్గర ఒక తాళంచెవి ఉంచండి. పెద్దవాళ్ళకు ఏ సలహా, సాయం కావాలన్నా జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఆ నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి.

పిల్లలకు మేమిచ్చిన పని

ఈ నెల నాలుగో తరగతి పిల్లలకు మార్కులు లేని ఒక పని ఇచ్చాను. రాత్రి పడుకునే ముందు మంచం నుంచి బాత్‌రూమ్ దాకా దారిలో ఏమీ లేకుండా చూడడం, చిన్న లైట్ వెలుగుతోందో లేదో చూడడం, వారానికి మూడు రోజులు తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలతో వ్యాయామం చేయించి లెక్కపెట్టడం. ఇంకొక మాట కూడా చెప్పాను. పెద్దవాళ్ళు పడితే ఇంట్లో వెంటనే చెప్పాలని, అది చాడీలు చెప్పడం కాదని.

వాళ్ళు చెప్పినప్పుడు మీరు ఎలా తీసుకుంటారన్నదే అసలు విషయం. పిల్లల్ని “ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు” అనకండి. పెద్దవాళ్ళను “ఇక కదలకు” అనకండి. కదలనివ్వరని తెలిస్తే ఇంకోసారి చెప్పరు. ఈ రాత్రి అన్నం తిన్నాక పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడగండి. “ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా అమ్మా? నడుస్తుంటే తూలినట్టు ఉంటోందా? పడతానేమోనని భయంగా ఉందా?” అత్తగారినైతే, “అత్తయ్యా, మీకు ఎక్కడ నడవడం ఇబ్బందిగా ఉంది? అక్కడే సరిచేద్దాం” అనండి. ఏదో ఒకదానికి అవునంటే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి.

మా నానమ్మ ఇప్పుడు వాకర్ వదిలి చేతికర్రతో గేటు దాకా వెళ్తోంది. గుడిదాకా ఇంకా వెళ్ళలేకపోతోంది. నేను నోట్‌బుక్కులు దిద్దుకుంటుంటే ఎదురు కుర్చీలో పదిసార్లు లేచి కూర్చుంటుంది. తొమ్మిది దగ్గర ఆపేసి పది అయిందంటుంది, నేను ఒప్పుకోను.

ఆ పాప వాళ్ళింట్లో కూడా లెక్క నడుస్తోందట. పాప ఇంగ్లిష్‌లో, అమ్మమ్మ తెలుగులో లెక్కపెడుతున్నారని వాళ్ళ అమ్మగారు చెప్పారు. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కి అమ్మమ్మగారే వస్తానన్నారట. క్లాస్ గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టిస్తానని, గుమ్మం దగ్గర ఒక కుర్చీ వేయిస్తానని మాటిచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకురండి.

– మీ ఇంగ్లిష్ టీచర్, ప్రైమరీ విభాగం